పదకొండు శాతం గోడ

ఫిబ్రవరి 3, సోమవారం

ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళ జాతీయ ఐస్ హాకీ జట్టుకు మేనేజరునైన నేను ఈరోజు నలభై నిమిషాలపాటు, లిఫ్టులో ఇరుక్కుపోయిన ఒకావిడకి ఫోన్లో ధైర్యం చెప్పాను. ఆవిడకి నేను లిఫ్టు కంపెనీ ఫిర్యాదుల లైనువాణ్ణి మాత్రమే, నా హోదా తెలియదు. తెలిస్తే ఇంకాస్త గౌరవంగా ఏడ్చేది.

గొప్పవాళ్ళందరికీ డైరీ ఉంటుంది కాబట్టి నేనూ మొదలుపెడుతున్నాను. వేరే కారణమేమీ లేదు.

భావితరాల సౌకర్యం కోసం కొన్ని విషయాలు. మా దేశంలో మంచు ఫ్రిజ్‌లో తప్ప దొరకదు. అయినా మాకు జట్టుంది, ఎందుకంటే అది ఇంటర్నెట్లో ఉంది. ప్రపంచం నిండా జనం ఒక వెబ్‌సైటులో తలా ఒక క్లబ్బు పెట్టుకుని, లేని కుర్రాళ్ళకి లేని ఐసు మీద శిక్షణ ఇస్తూ ఉంటారు. ఆ క్లబ్బుల్లోని మన దేశపు కుర్రాళ్ళని ఏరి జట్టు కట్టేవాడు జాతీయ మేనేజరు. వాడిని ఎన్నుకుంటారు. మన దేశం తరఫున ఆడేవాళ్ళం మొత్తం నలభై అయిదుగురం. జనవరిలో నేను ఇరవై మూడు, ఇరవై రెండు తేడాతో గెలిచాను. ఆ ఒక్క ఓటూ మా అక్కదేనని ప్రత్యర్థి పెంగ్విన్ ఇప్పటికీ ఫోరమ్‌లో ప్రచారం చేస్తుంటాడు. (పెంగ్విన్ ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. బొమ్మలో పెంగ్విన్ ఉంటుంది, అంతే.) నేనిచ్చిన హామీ ఒకటే: బి గ్రూపులోంచి సి గ్రూపులోకి పడనివ్వను. మూడు మ్యాచులున్నాయి.

బయట ఇంత పల్లకీ మోత. ఇంట్లో సంగతి అమ్మ మాటల్లో: "ఐస్ హాకీ, ఐస్ హాకీ అని ఊరంతా చెప్పుకుంటావు. ఒక్కసారి ఐస్ ట్రే నింపి ఫ్రిజ్‌లో పెట్టిన పాపాన పోయావురా?"

సరే. అసలు సమస్య. నా జట్టులో ఉన్న ఒకే ఒక్క పనికొచ్చే ఆటగాడు గోల్‌కీపరు. పేరు గోడ, నేను పెట్టిందే. రెండో గోల్‌కీపరు పేరు తలుపు, ఎందుకంటే ఎప్పుడూ తెరిచే ఉంటాడు. గోడ మా అక్క క్లబ్బు కుర్రాడు. అక్క తన క్లబ్బు చివరిసారి తెరిచి నేటికి ఇరవై రోజులు. నలభై అయిదు రోజులు ఓనరు రాకపోతే క్లబ్బు రద్దవుతుంది. ఆటగాళ్ళంతా మాయమైపోతారు. అంటే ఈ నెల ఇరవై ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండు.

నాకు గోల్‌కీపరు కావాలి. అంతే.

ఫిబ్రవరి 5

అక్క ఇవాళ వాషింగ్ మెషీన్ ముందు నిలబడి ఉంది. బట్టలు వేసింది, పౌడరు పోసింది, మూత వేసింది. మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి, "అమ్మా, ఇది నొక్కవా" అంది. అమ్మ వచ్చి నొక్కింది. 

జనవరి 14 నుంచి ఇంతే. కాఫీయా టీయా అంటే "నీ ఇష్టం." ఫ్యాను వెయ్యనా అంటే "నీ ఇష్టం." ఆ రోజు తను పనిచేసే ఆసుపత్రి మందుల కౌంటర్లో, ఒకే కంపెనీ, ఒకే నీలం డబ్బా, ఒకటి అయిదు మిల్లీగ్రాములు, ఒకటి పది. పెద్దాయనకి అయిదు రాసి ఉంటే పది ఇచ్చింది. ఆయన మూడు రోజులు పడక మీదుండి, తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికెళ్ళాడు. అక్క మాత్రం ఇంకా నడవలేదు. సస్పెండ్ చేశారు, విచారణ ఉంటుందన్నారు. తన గది, తన తలుపు, లోపల తను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే గోల్‌కీపరు విషయంలో దీని ప్రభావం ఉంది కనుక.

అక్క పాస్‌వర్డ్ నాకు తెలుసు. నాకు తెలుసని అక్కకీ తెలుసు. కానీ ఆటలో ఒక నిబంధన ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడితే ముందే చెప్పుకోవాలి, ఒకరి క్లబ్బు ఇంకొకరు తెరిస్తే రెండూ గాల్లో కలిసిపోతాయి. మేం చెప్పుకున్నాం. చెప్పుకోమని పట్టుబట్టింది అక్కే.

ఫిబ్రవరి 6

అధికారిక పద్ధతిలో వెళ్ళాలని నిర్ణయించాను. జాతీయ మేనేజరు క్లబ్బు ఓనర్లకి ఉత్తరాలు రాయడం ఆచారం. "మీ కుర్రాడికి ఫలానా శిక్షణ ఇవ్వండి, మా మ్యాచుకి రెండు రోజుల ముందు విశ్రాంతి ఇవ్వండి" అని బతిమాలుకోవాలి. కుర్రాళ్ళు వాళ్ళ సొత్తు, మనం అరువు తెచ్చుకునేవాళ్ళం. ఆఫీసు ప్రింటర్ మీద తీసి తలుపు కింద నుంచి తోశాను:

"గౌరవనీయులైన క్లబ్బు యజమాని గారికి. తమరి గోల్‌కీపరు (ఎత్తు 191 సెంటీమీటర్లు, స్వభావం ప్రశాంతం) జాతికి అవసరమై ఉన్నాడు. తమరు లేనందున క్లబ్బు తనంతట తాను నడుస్తూ, అతణ్ణి ప్రతి మ్యాచుకీ, స్నేహపూర్వక మ్యాచులకి సైతం, దింపుతోంది. కుర్రాడు నలిగిపోతున్నాడు. దయచేసి ఒక్కసారి లాగిన్ కాగలరు. ఇట్లు, జాతీయ మేనేజరు, పక్క గది."



ఫిబ్రవరి 7

ఉత్తరం తలుపు కింద నుంచి తిరిగొచ్చింది. ఏమీ రాయలేదు. 191 కొట్టేసి పైన 193 అని వేసి ఉంది.

రోజంతా ఆఫీసులో ఈల వేశాను. సూపర్‌వైజరు మందలించాడు.

ఫిబ్రవరి 10

స్పానర్ మామతో భోజనం. మామ మా కంపెనీలో అందరికంటే పాత మెకానిక్కు. ఎవరి మామో ఎవరికీ తెలియదు. నన్ను అల్లుడూ అంటాడు, కూతుర్ని మాత్రం ఇవ్వడు.

"మామా, లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడనుకో, తలుపు బద్దలు కొట్టేస్తే పోదా? గంటసేపు నేను ఫోన్లో కబుర్లు చెప్పడమెందుకు?"

"తలుపు బద్దలు కొట్టడానికి మెకానిక్కెందుకు, నీలాంటోడు చాలు. లిఫ్టు ఆగేది రెండంతస్తుల మధ్య. అక్కడ తలుపు తీస్తే ఏం కనిపిస్తుంది? ఇటుకలు. ఆ సందులోంచి దూకబోయి కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. ముందు పైన మోటారు గదిలో బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి, అంగుళం అంగుళం అంతస్తు లెవెల్‌కి తేవాలి. అప్పుడు తలుపు నువ్వు తియ్యక్కర్లేదు, లోపలివాడే తీసుకుంటాడు."

"నేను చెప్పే కబుర్లు?"

"అవి చక్రం తిరిగే చప్పుడు వాడికి వినపడకుండా."

నా ఉద్యోగానికి ఇంత అవమానకరమైన నిర్వచనం ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 12

మొదటి మ్యాచ్. 3–1. గెలిచాం!

గోడ ఎనర్జీ మ్యాచుకి ముందు అరవై నాలుగు శాతం. తక్కువే, కానీ నిలబడ్డాడు. నా సెలవు రోజు కావడంతో ఏడున్నరకి, మ్యాచ్ అవగానే, అక్క గది తలుపు దగ్గర నిలబడి వార్తలు చదివేవాడి గొంతుతో మొత్తం చెప్పాను. వెళ్ళిపోబోతుంటే లోపల్నుంచి:

"షాట్లు ఎన్ని?"

"మన మీదకి ముప్పై ఒకటి."

మళ్ళీ లోపల్నుంచి, "ముప్పై ఒకటికి ఒక్కటే వదిలాడా."

అంతే. ఇరవై తొమ్మిదో రోజున రెండు వాక్యాలు. చక్రం ఒక అంగుళం.

(గోల్‌కీపరు కోసం చెప్తున్నాను.)

ఫిబ్రవరి 15

ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. రాతపూర్వక వివరణ ఇరవై ఆరో తేదీలోపు ఇవ్వాలట, ఇవ్వకపోతే వివరణ లేనట్టుగా భావించి నిర్ణయం తీసుకుంటారట. అమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. అక్క మంచినీళ్ళకి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ తెరవకుండా కుళాయి నీళ్ళు తాగి వెళ్ళిపోతోంది.

అమ్మ బడిలో లెక్కల టీచరు. ముప్పై ఏళ్ళుగా పిల్లల తప్పుల కింద ఎర్రగీత గీస్తోంది. "తప్పు చేసినవాళ్ళని నేనెప్పుడూ ఏమీ అనలేదురా. ఖాళీ పేపరు ఇచ్చినవాళ్ళని చూస్తేనే భయం. ఎక్కడ మొదలుపెట్టాలో నాక్కూడా తెలియదు" అంది నాతో, గిన్నె తోముతూ.

వివరణ నేను రాసిపెడతానన్నాను తలుపు బయటి నుంచి. రాశాను కూడా. రద్దీ గురించి ఒక పేరా, డబ్బాలు తయారుచేసిన కంపెనీ గురించి రెండు పేరాలు, కౌంటరు దగ్గర దీపం మసకగా ఉందని ఒకటి. తలుపు కింద నుంచి తోశాను.

ఇది తిరిగి రాలేదు.

ఫిబ్రవరి 18

పాస్‌వర్డ్ టైపు చేశాను. నొక్కలేదు. చెరిపేశాను.

ఫిబ్రవరి 19

నొక్కలేదనే రాశాను కదా.

ఫిబ్రవరి 22

8–0.

ఫిబ్రవరి 23

రాయాలి.

నిన్న ఉదయం పదకొండుకి టీ తాగుతూ ఆఫీసు కంప్యూటర్లో జట్టు పంపాను. సాయంత్రం ఆరులోపు ఎప్పుడైనా పంపొచ్చు. "పాత జట్టునే పంపు" అని ఒక మీట ఉంటుంది. నొక్కాను. "ఖచ్చితమేనా?" అని అడుగుతుంది. అవును అని నొక్కాను. అంతలో ఫోన్ మోగింది, ఎవరో ఏడో అంతస్తులో.

ఆరున్నరకి మ్యాచ్ మొదలైంది. మొదటి పావుగంటలో నాలుగు. అప్పుడు చూశాను. గోడ ఎనర్జీ పదకొండు శాతం. అక్క క్లబ్బు పది రోజుల్లో ఆడిన ఆరు మ్యాచుల్లోనూ, అడిగేవాళ్ళు లేక, వాణ్ణే దింపేసింది. పదకొండు శాతం ఎనర్జీతో గోడ గోడ కాదు, గోడకి అంటించిన క్యాలెండరు. తలుపుని దింపినా మూడు నాలుగుతో బయటపడేవాళ్ళం. మొదలయ్యాక మార్చడానికి లేదు.

ఫోరమ్‌లో పెంగ్విన్: "మేనేజరు గారు జీవించే ఉన్నారా? పిండం ఎప్పుడు పెట్టమంటారు?"

వివరణ ఇవ్వమని పదహారు మంది. ఇచ్చాను. హుందాగా, కాస్త చమత్కారంగా వచ్చిందనుకుంటున్నాను. గోల్‌కీపరు సొంత క్లబ్బు ఓనరు చాలాకాలంగా పత్తా లేకపోవడమే కారణమని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఫిబ్రవరి 24

గాలి మళ్ళింది. ఇప్పుడు అందరూ ఆ ఓనర్ని తిడుతున్నారు. "చేతకానప్పుడు క్లబ్బెందుకు?" "ఇలాంటివాళ్ళ దగ్గర మంచి కుర్రాళ్ళు ఉండకూడదు." ఆ క్లబ్బు మా అక్కదని పెంగ్విన్‌కి తెలుసు కానీ, ఎందుకో వాడు నోరు మెదపలేదు.

నేను రాసింది అబద్ధం కాదు. తేదీలు చూసుకోవచ్చు ఎవరైనా.

ఆఫీసులో మధ్యాహ్నం అన్నం సహించలేదు. మామ, "ఏంటల్లుడూ, తేలు కుట్టిన దొంగలా ఉన్నావు" అన్నాడు. తేలు లేదు, దొంగా లేడు, ఎండ ఎక్కువగా ఉంది అన్నాను.

అబద్ధం కాదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా డ్యూటీ రెండింటికి. అమ్మకి బడి సెలవు. పొద్దున పదింటికి బల్ల దగ్గర రొట్టె తింటున్నాను. అక్క గది తలుపు తెరుచుకుంది. జుట్టు ముడి వేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చేతిలో ఫోను. ఫోరమ్ చదవడానికి లాగిన్ అక్కర్లేదన్న సంగతి జాతీయ మేనేజరుకి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని రోజులూ చదువుతూనే ఉంది.

"ఇది నువ్వే రాశావా?"

"ఏది?"

"ఒరేయ్."

"నేనే."

చదివింది. పద్దులు చదివేవాళ్ళలా, ఏ మాట మీదా ఆగకుండా. "'క్లబ్బు యజమాని నలభై రోజులుగా పత్తా లేనందున ఆటగాడు అలసిపోయిన స్థితిలో జట్టుకు అందాడు. గోడలు కూడా అలుస్తాయి మిత్రులారా! ఈ బాధ్యతారాహిత్యం వలన కలిగిన నష్టానికి చింతిస్తున్నాను.' బాధ్యతారాహిత్యం. ఇంత పెద్ద మాట ఎక్కడ నేర్చుకున్నావు?"

నేను ఫ్రిజ్ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అక్క కూడా చూసింది. ఆ కాగితంలో రెండో పేరాలో ఉంది ఆ మాట.

రొట్టె గొంతులో అడ్డం పడింది. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. తాగాను.

"ఎనర్జీ ఎక్కడ కనిపిస్తుంది?" అంది.

"పేరు పక్క గడిలో."

"ఏ రంగులో?"

"ఇరవై కంటే తక్కువైతే ఎరుపు."

"చూశావా?"

"లేదు."

"ఎందుకు చూడలేదు?"

"మొన్న చూశాను కదా, బాగానే ఉంది. గోడ అంటే గోడే కదా అనుకున్నా."

అక్క చాలాసేపు బల్ల మీది రొట్టె ముక్కల్ని వేలితో ఒకచోటికి పోగు చేసింది.

"నేనూ అంతే. నీలం డబ్బా అంటే నీలం డబ్బానే అనుకున్నా."

నలభై రెండు రోజుల్లో ఆ సంగతి అక్క నోట వినడం ఇదే మొదటిసారి. వంటింట్లో అమ్మ చేతిలో గరిట చప్పుడు ఆగిపోయింది.

"తీసేస్తానక్కా. నీ పేరెత్తనే ఎత్తను."

"ఎందుకు తీస్తావు? నేను రాకపోవడం నిజమే కదా. ఉంచు. కానీ దాని వంతు దానికియ్యి. మొదటి వాక్యం నీది. రెండోది నాది." బల్ల మీద అమ్మ పేపర్లు దిద్దే ఎర్రపెన్ను ఉంది. అందుకుంది. "ప్రింటు తియ్యి. దిద్దుతాను."

ప్రింటరు ఆఫీసులో ఉంది. రొట్టె పొట్లం కాగితం వెనక, ఈసారి క్షమాపణలు దండిగా చేర్చి, రాసిచ్చాను. ముందు గోడలు కూడా అలుస్తాయన్నది కొట్టేసింది.

"అది బాగుంది కదే!"

"తప్పు చేసినవాడు జోకేస్తే నవ్వేవాళ్ళకి కూడా చికాకే. ఇదేంటి, 'చింతిస్తున్నాను', 'క్షంతవ్యుణ్ణి', 'మన్నించగలరు', మళ్ళీ 'చింతిస్తున్నాను'? నాలుగుసార్లు క్షమాపణ చెప్తే చివరికి వాళ్ళే నిన్ను ఓదార్చాలి. అది వాళ్ళ పనా? ఒక్కసారి. చివర్లో."

"'అజాగ్రత్త వల్ల' అని పెట్టనా?"

"అజాగ్రత్త అంటే ఏంటి? అది ఎవరికైనా సరిపోతుంది. నువ్వేం చూడలేదో అది రాయి. ఏ గడి, ఎన్ని గంటలకి."

చివరికి మిగిలింది ఇదీ:

"శనివారం ఉదయం పదకొండుకి పాత జట్టునే పంపాను, ఎనర్జీ గడి చూడలేదు, అందులో పదకొండు అని ఎర్రగా ఉంది. ఓనరు లేనందున గోల్‌కీపరు అలిసి ఉన్నాడు, కానీ చూసి ఉంటే రెండోవాణ్ణి దింపేవాణ్ణి. ఇకమీదట జట్టు పంపే రోజు ప్రతి గడీ చూసి, ఆ సంగతి ఇక్కడ రాస్తాను. క్షమించండి."

పెట్టేశాను. పాతది తీసెయ్యలేదు, కింద పెట్టాను. తీసేస్తే అదొక మోసం అంది.

తర్వాత అక్క లేవలేదు. పెన్ను అలాగే పట్టుకుని, "అమ్మా, తెల్లకాగితం ఉందా ఒకటి?" అంది.

అమ్మ ఒక్క కాగితం అడిగితే రీము తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, మాకు వీపు చూపిస్తూ చాలాసేపు సింకు తుడిచింది.

నేను డ్యూటీకి వెళ్ళేముందు అక్క వెనక నుంచి నడుస్తూ ఒక్క వరసే చూశాను. "డబ్బా రంగు చూశాను. అంకె చదవలేదు."

పక్కన ఉండలు చుట్టిన కాగితాల్లో నేను రాసిచ్చింది కూడా ఉంది. మసక దీపం పేరా.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నాకు ఆడటం రాదు, మద్దెల మా అక్క. ఈ మాట కొట్టెయ్యను, డైరీ కాబట్టి.

ఫిబ్రవరి 26

ఆసుపత్రి ఆఫీసు నాలుగో అంతస్తులో. అక్కతో వెళ్ళాను. లిఫ్టులో నేను కావాలనే చేతులు జేబులో పెట్టుకున్నాను. అక్క మీటల వైపు చూస్తూ నిలబడింది. తలుపు మూసుకుంది, కదల్లేదు. మళ్ళీ తెరుచుకుంది. ఒక అటెండరు ఎక్కి "నాలుగేనామ్మా?" అని నొక్కేశాడు.

వృత్తిరీత్యా ఆయన మీద ఫిర్యాదు చేయాలనిపించింది.

కాగితం మాత్రం తనే ఇచ్చింది. ముద్ర వేయించుకుంది.

గోడ ఎనర్జీ: తొమ్మిది.

ఫిబ్రవరి 28

గడువు పన్నెండు. పదకొండు ఇరవైకి అక్క నా కంప్యూటరు ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ తనే కొట్టింది. తెర మీద ఒకే ఒక్క వాక్యం: "మీరు 45 రోజులుగా రాలేదు. ఈ క్లబ్బు కొనసాగిస్తారా?" కింద రెండు మీటలు.

మౌసు మీద చెయ్యి. అలాగే.

పదకొండు ముప్పై అయిదు.

"నువ్వు నొక్కు."

"నొక్కను. నిబంధన."

"ఎవరు చూస్తార్రా?"

"గోడ."

పదకొండు నలభై. అమ్మ గుమ్మంలో నిలబడింది, బడికి ఒకపూట సెలవు పెట్టి మరీ.  బాగానే ఉన్నావా అని అడగాలనిపించింది. మా ఉద్యోగంలో అది నిషిద్ధం. ఇరుక్కున్నవాళ్ళని బాగున్నారా అని అడగకూడదు, వాళ్ళకి కనిపించేదే అడగాలి. ఆఫీసు గొంతు పెట్టాను.

"నమస్కారమండీ, లిఫ్ట్ సర్వీస్. లోపల ఎంతమంది ఉన్నారు మేడమ్?"

"నోర్ముయ్."

"ఎంతమంది మేడమ్?"

"... ఇరవై ముగ్గురు."

"అందులో చిన్నవాళ్ళున్నారా?"

"ఒకడికి పదిహేడు. డిఫెన్సు. ఎడంచేతి వాటం."

"అందరూ ఎలా ఉన్నారు?"

"తెలీదురా. నలభై అయిదు రోజులైంది. ఎర్రగా ఉండి ఉంటారు అందరూ. ఒక్కడికి విశ్రాంతి లేదు. శిక్షణ కూడా ఆగిపోయి..." అక్క ముందుకి వంగింది. "గోడగాడు వాడొక్కడే ఉంటాడా, వాడి కింద ఉన్న కుర్రాడు పనికొస్తాడు కదా, వాణ్ణి దింపొచ్చు. అసలు ఈ వారం స్నేహపూర్వక మ్యాచులు రద్దు చేస్తే..."

టక్.

పదకొండు యాభై రెండు. నేను డైరీలో సమయాలు ఊరికే రాయడం లేదు.

ఆ తర్వాత అక్క గంటంబావు లేవలేదు. మ్యాచులు రద్దు, గోడకి విశ్రాంతి, శిక్షణ మార్పు. ప్రతిదానికీ ఆట "ఖచ్చితమేనా?" అని అడుగుతూనే ఉంది. పదిహేడుసార్లు. లెక్కపెట్టాను. మొదటి నాలుగింటికి ఊపిరి బిగబట్టింది. అయిదోదానికి నన్ను కుర్చీ కొంచెం అవతలికి జరుపుకోమంది, వెలుగుకి అడ్డం ఉన్నానట.

మార్చి 7

జట్టు పంపాను. ప్రతి గడీ చూశాను. గోడ ఎనర్జీ ఎనభై ఎనిమిది. అక్క వాడికి వరసగా విశ్రాంతి ఇవ్వడంతో తన క్లబ్బు మూడు మ్యాచులు ఓడింది. ఫోరమ్‌లో రాశాను, గడులతో సహా. ఎవరూ నవ్వలేదు. నవ్వించలేదు కూడా.

మార్చి 8, శనివారం

ఈ మ్యాచ్ పోతే సి గ్రూపు. నాకు డ్యూటీ. బల్ల దగ్గర సెల్‌ఫోన్లు నిషిద్ధం, ఆట వెబ్‌సైటు మూసేశారు (సూపర్‌వైజరు ఈల సంగతి మర్చిపోలేదు). ఏడున్నర దాటాక ఫిర్యాదుల లైను మోగింది.

"నమస్కారమండీ, లిఫ్ట్ సర్వీస్, చెప్పండి."

"రెండు ఒకటి."

"మేడమ్, ఏ బిల్డింగు?"

"మీ అమ్మనిరా! రెండు ఒకటి. మనదే రెండు. ఆఖర్లో ఏదో అయింది, ఎవడో కొట్టబోతే మనవాడు ఆపాడు. అక్క కుర్చీ మీదెక్కి అరుస్తోంది, పక్కింటివాళ్ళు వచ్చారు. ఇది రికార్డవుతోందా?"

"అవుతోందండీ, సేవా నాణ్యత కోసం."

"అయితే ఆ రికార్డు పట్టుకునే చెప్తున్నా, వచ్చేటప్పుడు పాలు తే."

బి గ్రూపులోనే ఉంటున్నాం.

మార్చి 13

విచారణ తేలింది. మూడు నెలలు కౌంటరు లేదు. స్టోరు గదిలో పని, తర్వాత మళ్ళీ కౌంటరు. అయిదునీ పదినీ వేర్వేరు అరల్లో పెట్టాలని, ఇచ్చేముందు అంకె పైకి చదవాలని అక్క తన కాగితం చివర్లో రాసిందట. అలాగే చేస్తున్నారట ఇప్పుడు.

"స్టోరు గదంటే తక్కువ చేసినట్టు కదే?" అన్నాను.

"తక్కువే. తప్పు చేశాగా. కొంచెం తక్కువగా ఉండి వస్తా."

స్పానర్ మామకి చెప్పాను. "లెవెల్‌కి వచ్చిందన్నమాట" అని టిఫిను గిన్నె మూత పెట్టాడు.

మార్చి 16, ఆదివారం

ఎన్నికల ఫలితం. పెంగ్విన్ 23, నేను 22.

సి గ్రూపులో పడకుండా కాపాడిన మహానాయకుణ్ణి జనం ఒక్క ఓటుతో ఇంటికి పంపారు. చరిత్రలో ఇలాంటివి మామూలే. బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. పోయినసారి నావి ఇరవై మూడు. అంటే ఒక్కడు, ఒకే ఒక్క ద్రోహి, గట్టు మారాడు. అనుమానితుల జాబితా రాయడం మొదలుపెట్టాను. అక్క ఎదురుగా కూర్చుని స్టోరు గది యూనిఫారానికి గుండీ కుట్టుకుంటోంది.

"ఎవరై ఉంటాడంటావు?" అన్నాను.

"నేను."

"ఏంటి నువ్వు?"

"నా ఓటు పెంగ్విన్‌కి వేశాను."

పెన్సిలు కింద పడింది. "సొంత తమ్ముణ్ణి!"

"ఎనర్జీ గడి చూడని మేనేజరుకి ఎలా వేస్తార్రా? నువ్వు బాగా మారావు, ఇంకో సీజను పోనీ, అప్పుడు చూద్దాం. పెంగ్విన్ పాపం గడులన్నీ చూస్తాడు. పైగా నన్ను అందరూ తిడుతుంటే వాడొక్కడే ఏమీ అనలేదు."

"ఎప్పుడు వేశావు?"

"నిన్న పొద్దున. కాఫీకి ముందు."

"అమ్మని అడిగావా?"

"అమ్మనెందుకడుగుతాను, అమ్మకి ఓటు లేదుగా."

"ఓటేశాక అది అడుగుతుంది కదా... ఖచ్చితమేనా అని?"

"అడిగింది."

"మరి?"

అక్క దారం పళ్ళతో తెంపింది. గుండీ లాగి చూసుకుంది.

"ఖచ్చితమే కదా మరి. నొక్కాను."

ఆ జాబితా మడిచి పక్కన పెట్టాను. తర్వాత లేచి వెళ్ళి, మాజీ జాతీయ మేనేజరు హోదాలో నా మొదటి పని పూర్తిచేశాను. ఐస్ ట్రే నింపి ఫ్రిజ్‌లో పెట్టాను.